పళ్లెం తడిసింది

ఒక చిన్న అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. చిన్నదని అంటున్నది నేనే. తూచి చెప్పగలిగిన మనిషి ఇంకొకరున్నారు. ఆమెను నేను అడగలేదు.

ఇది ఎందుకు రాసి పెట్టాలో ముందు చెబుతాను. ఢిల్లీలోని తెలుగువాళ్ల సంఘం ఒకటి ఈమధ్య ఒక ప్రత్యేక సంచిక వేసింది. అందులో నా గురించి ఒక వ్యాసం ఉంది. ఇప్పుడు ఫోన్లతో చదువు చెప్పడం మామూలైపోయింది గాని, మామూలు బటన్ల ఫోన్ల రోజుల్లోనే సరోజినీ నగర్ క్వార్టర్లలో ఒక గృహిణి ఈ పని చేసిందని రాశారు. రాసిన అమ్మాయి మా ఇంటికి వచ్చి, టీ తాగి, ఎంతో ఓపిగ్గా అడిగింది. అడిగిన వాటన్నిటికీ జవాబు చెప్పాను. నేను చెప్పినదంతా నిజం. ఒక్క సంగతి చెప్పలేదు. వ్యాసం అచ్చయ్యాక చూసుకుంటే, చెప్పనిదే ఎక్కువగా కనిపించింది. సగం కథ అచ్చులో ఉంది కనక మిగతా సగం కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి. లేకపోతే ఆ వ్యాసం కూడా నా అబద్ధంలో భాగమవుతుంది.

మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగింది. తెనాలి దగ్గర నుంచి పెళ్లి చేసుకుని ఢిల్లీ వచ్చాను. మావారు కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా. ఆయన ఆఫీసుకు బయలుదేరాక నేను బస్సెక్కి లైబ్రరీకి వెళ్లేదాన్ని. మొదట్లో చల్లగా ఉంటుందని వెళ్లాను. తర్వాత అది లేకుండా ఉండలేకపోయాను. పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదివాను. నక్షత్రాల గురించి, రక్తప్రసరణ గురించి, భూకంపాల గురించి. ఒక పుస్తకంలో అర్థం కానిది ఇంకో పుస్తకంలో వెతికేదాన్ని. డిగ్రీ ఉన్నవాళ్లు పరీక్ష కోసం చదివారు, నేను తెలుసుకోవడం కోసం చదివాను అని గర్వపడేదాన్ని. మనసులోనే అనుకుని ఊరుకున్నానా అంటే, లేదు. నలుగురిలో అన్నాను కూడా.

ఆ గర్వాన్ని ఇప్పటికీ పూర్తిగా తప్పనుకోలేను. నన్ను నిలబెట్టింది అదే. కానీ దానికి ఒక భయం తోడుండేది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో లేచి, "ఈవిడకు ఇదీ తెలియదు" అంటారని. పట్టా ఉన్నవాళ్లు తప్పు చెబితే పొరపాటు అంటారు. నేను తప్పు చెబితే చదువుకోలేదు అంటారు. అలా అని నాకెవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

మా క్వార్టర్లలో తెలుగువాళ్ల పిల్లలు పదో తరగతికి వచ్చినవాళ్లు పదిమంది పైగా ఉండేవారు. ఆదివారం పొద్దున సంఘం గదిలో వాళ్లకు సైన్సు చెప్పడం మొదలుపెట్టాను. పిల్లలు నోరు విప్పేవారు కాదు. నేను తెలుగులో అడిగితే అర్థమయ్యేది. జవాబు హిందీలో చెప్పాలా, ఇంగ్లీషులో చెప్పాలా, తప్పయితే పక్కవాడు నవ్వుతాడా. ఈ లెక్కల్లోనే సమయం గడిచిపోయేది. అందరూ నోట్సు వైపు చూస్తూ కూర్చునేవారు.

అప్పుడు లైబ్రరీలో ఒక విదేశీ పత్రికలో చదివాను. అక్కడ కొన్ని తరగతుల్లో ప్రతి విద్యార్థి చేతిలో ఒక మీట ఉన్న పెట్టె ఉంటుందట. టీచరు ప్రశ్న వేస్తే మీట నొక్కుతారట. ఎవరు ఏం నొక్కారో పక్కవాళ్లకు తెలియదు. ఎంతమందికి అర్థమైందో టీచరుకు తెలుస్తుంది. ఆ పెట్టెలు మేం ఎక్కడ తెస్తాం? బస్సులో తిరిగొస్తుంటే నా ముందు సీట్లో ఒకాయన తన ఫోను తీసి, ఒక్క రింగు ఇచ్చి, కట్ చేశాడు. ఇంటికి వస్తున్నానని భార్యకు కబురన్నమాట. ఆ రోజుల్లో అందరం చేసిన పనే. మిస్డ్ కాల్. డబ్బు పడదు, మాట అందుతుంది.

అదీ నా పెట్టె.

ఆదివారం ఆఫీసులుండవు. పిల్లలు అమ్మదో నాన్నదో ఫోను తెచ్చుకునేవారు. నా ఫోను ఒకటో నంబరు, మావారిది రెండో నంబరు. రెండూ బల్లకు చెరో చివర పెట్టేదాన్ని, శబ్దం ఆపేసి. ప్రశ్న వేసి, ఈ జవాబు సరైనదైతే ఒకటికి కొట్టండి, ఆ జవాబైతే రెండుకు కొట్టండి అనేదాన్ని. ఫోన్లు ఒడిలో పెట్టుకుని నొక్కేవారు. బల్ల మీద ఏదో ఒక ఫోను వెలిగేది. అందరూ ఒకేసారి కొడితే లైను దొరికేది కాదు. "ఆంటీ, లగ్ నహీ రహా!" "అబే, తూ కాట్ నా పహలే!" అని, ముందు నువ్వు కట్ చెయ్యరా అని గోల. నాకు ఆ గోల సంగీతంలా ఉండేది. నోరు విప్పని పిల్లలు గోల చేస్తున్నారు.

శనివారం సాయంత్రం మెసేజీలో ఒక ప్రశ్న పంపేదాన్ని. పండగ రోజుల్లో మాత్రం ఫోను కంపెనీవాళ్లు మెసేజీకి డబ్బు తీసుకునేవారు, అప్పుడు ప్రశ్నకు సెలవు. ఒకసారి ఒక తండ్రి తనే జవాబు పంపాడు, కొడుకు పేరు కూడా పెట్టకుండా. అదీ తప్పు జవాబే. మర్నాడు కొడుకు వచ్చి, "ఆంటీ, పాపా కో మత్ బతానా" అని, నాన్నకు ఆ సంగతి చెప్పొద్దని బతిమాలాడు.

పిల్లలకు ఒక మాట ఇచ్చాను. ఎవరు ఏ నంబరుకు కొట్టారో నేను చూడను. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి చెరిపేస్తాను. అందుకే వాళ్లు ధైర్యంగా కొట్టారు.

ప్రతి ఆదివారమూ చూశాను. నంబర్లన్నీ నాకు తెలిసిన ఇళ్లవే. ఎవరు వెనకబడ్డారో తెలుసుకుంటే సాయం చేయవచ్చు కదా అని చెప్పుకున్నాను. ఇది కూడా ఒప్పుకోవలసిందే. అసలు సంగతి ఇంకా ముందుంది.

ఆ పిల్లను ప్రసన్న అని పిలుస్తాను. అది ఆమె పేరు కాదు. సన్నగా, పొడుగ్గా, తరగతిలో చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చునేది. వాళ్ల నాన్న మావారి కార్యాలయంలోనే పనిచేసేవారు. మాట్లాడేది కాదు గాని, జవాబు కొట్టడంలో అందరికంటే ముందుండేది. నేను ప్రశ్న పూర్తిచేసే లోపే ఏదో ఒక ఫోను వెలిగితే అది ప్రసన్నే. తొందరపాటు అనుకునేదాన్ని మొదట. జవాబులు చూస్తే తొందరపాటు కాదని తెలిసింది.

వానాకాలం. పిల్లలకు ఫోన్లిచ్చి చెడగొడుతున్నానని ఒకరిద్దరు తల్లులు సంఘానికి ఫిర్యాదు చేశారు. బడుల్లో ఫోను తెస్తే లాక్కునే రోజులవి. గది ఇవ్వాలా వద్దా తేల్చుకోవడానికి కార్యదర్శిగారి భార్య సరళగారు ఒక ఆదివారం వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ ఎమ్మెస్సీ. అది నాకు తెలుసు. ఆవిడ ముందు నేనేమిటో చూపించాలని కూడా నాకు తెలుసు.

భూమి వేడెక్కుతోంది, మంచు కరిగితే సముద్రాలు పొంగుతాయి అని అప్పుడు పత్రికలన్నీ రాస్తున్నాయి. లైబ్రరీలో వాటన్నిటినీ చదివాను. మంచుఖండాల గురించి బాగా చెప్పాను. బాగా చెబుతున్నానని నాకే అనిపించింది. ఆ ఊపులో, పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి అప్పటికప్పుడు వేశాను. ఒక గ్లాసులో మంచుముక్కలు వేసి అంచుదాకా నీళ్లు పోశాం. ముక్కలు పైకి తేలుతున్నాయి. అవి కరిగితే నీళ్లు ఒలుకుతాయా? ఒలికితే ఒకటి, ఒలకకపోతే రెండు.

మొదట వెలిగింది రెండో ఫోను. తర్వాత ఒకటో ఫోను. మళ్లీ ఒకటి. మళ్లీ ఒకటి. అన్నీ ఒకటికే.

"చాలా బాగుంది," అన్నాను. "ఒకరు మాత్రం రెండుకు కొట్టారు. మంచు కరిగితే సముద్రం పొంగుతుందని ఇందాకటి నుంచీ చెప్పినదంతా వారికి వానలో కొట్టుకుపోయినట్టుంది."

పిల్లలు నవ్వారు. "కౌన్ హై యే సైంటిస్ట్?" ఎవరీ సైంటిస్టు అంటూ ముందు వరసలో ఒకడు వెనక్కి తిరిగాడు. ప్రసన్న కూడా నవ్వింది. తనమీద తనే నవ్వింది, ఎవరికీ తెలియకూడదని. సరళగారు కూడా నవ్వుతూ తల ఊపారు. వెళుతూ, "పిల్లలు హుషారుగా ఉన్నారండీ, కానివ్వండి," అన్నారు. గది నిలిచింది.

మధ్యాహ్నం మూడు దాటాక నా ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. ప్రసన్న వాళ్లమ్మ నంబరు.

"ఆంటీ, పానీ నహీ గిరా. మైనే ఘర్ పే కర్‌కే దేఖా."

నీళ్లు ఒలకలేదట. ఇంట్లో చేసి చూసిందట.

మావారు క్రికెట్ చూస్తున్నారు. వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్‌లోంచి మంచుముక్కలు తీశాను. స్టీలు గ్లాసులో వేసి, ఇంకొక్క చుక్క పోస్తే ఒలికేలా నీళ్లు నింపాను. కింద పళ్లెం పెట్టాను. ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎన్నో పుస్తకాలు చదివిన నేను, ఆ పని జీవితంలో మొదటిసారి చేస్తున్నాను. ఒక పదిహేనేళ్ల పిల్ల అన్నం తినగానే చేసి చూసిన పని.

కొంతసేపటికి పళ్లెంలో నీళ్లు కనిపించాయి. నేను సంతోషించాను. దాచను, చాలా సంతోషించాను. వెంటనే గ్లాసును వేలితో తాకి చూశాను. బయటంతా చెమట. వానాకాలం గాలిలోని తేమ చల్లటి స్టీలు మీద చుక్కలు కట్టి జారుతోంది. గ్లాసు అంచు దగ్గర పొడిగా ఉంది. లోపల ముక్కలు కరిగిపోయాయి. నీళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

పళ్లెం తుడిచి, ఇంకోసారి చేశాను. ఈసారి గ్లాసుకు చుట్టూ తువ్వాలు చుట్టాను. పళ్లెం తడవలేదు.

అంటే నాకు తెలుసు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. తెలియక చెప్పిన తప్పు పొద్దున్న జరిగింది. అది నా ఒప్పుకోలు కాదు, ఎవరైనా పొరబడతారు. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో, తువ్వాలు చుట్టిన గ్లాసు ముందు, తెలిసిన మనిషిగా కూర్చుని నేను ఈ తెలుగు మెసేజీని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేశాను.

"నేనూ ఇంట్లో చేశాను. పళ్లెం తడిసింది. నువ్వు సరిగా చూసి ఉండవు."

పళ్లెం తడిసిన మాట నిజమే. ఆ నిజాన్ని ఏరుకుని, అక్కడ పెట్టాను. అబద్ధం రాయలేదని నాకు నేను చెప్పుకోవడానికి వీలుగా. ఎంత జాగ్రత్తగా ఏరుకున్నానో ఇప్పటికీ గుర్తుంది. పుస్తకాలు చదివి నేర్చుకున్న తెలివి నాకు అవసరమైనచోట అలా పనికొచ్చింది.

జవాబు వెంటనే వచ్చింది.

"సారీ ఆంటీ. మేరీ హీ గల్తీ హోగీ."

తప్పు తనదే అయి ఉంటుందట.

ఎందుకు చేశాను? సరళగారు తల ఊపారు కదా, ఇప్పుడు తప్పంటే ఆవిడకూ చిన్నతనం కదా, అనుకున్నాను. ఫిర్యాదులు ఉన్నాయి, గది పోతే పిల్లలందరికీ నష్టం, ఒక్క గ్లాసు నీళ్ల కోసం ఇంత పని పోగొట్టుకోవాలా, అనుకున్నాను. వచ్చే ఆదివారం మెల్లగా సరిచేద్దాం అనుకున్నాను. ఇవన్నీ నిజంగా అనుకున్నవే. కానీ గది పోయే ప్రమాదమే లేకపోతే చెప్పేదాన్నా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నా, చెప్పేదాన్నని గట్టిగా అనలేకపోతున్నాను.

ఆ వారంలో లైబ్రరీలో కారణం కూడా వెతికి చదివాను. తేలే మంచు అప్పటికే తన బరువుకు సరిపడా నీటిని పక్కకు తోసి ఉంటుంది. కరిగితే సరిగ్గా ఆ చోటులోకే ఇమిడిపోతుంది. సముద్రాలు పొంగేది ప్రధానంగా నేల మీద ఉన్న మంచు కరిగి సముద్రంలోకి చేరినప్పుడు. ఎంత అందమైన సంగతి! పిల్లలకు చెప్పివుంటే ఎగిరి గంతేసేవారు. ప్రసన్నను లేపి నిలబెట్టి, "ఈ అమ్మాయి చేసి చూసింది, నేను చూడలేదు," అని ఉంటే, అంతకు మించిన పాఠం నా జన్మలో చెప్పి ఉండేదాన్ని కాదు. పుస్తకం మూసేశాను. తర్వాతి ఆదివారం విద్యుత్తు మొదలుపెట్టాను.

విద్యుత్తు పాఠాల్లోనే గమనించాను. ప్రసన్న నంబరు చిట్టచివర వస్తోంది. మొదట ఫోను వాళ్లమ్మ దగ్గర ఆలస్యంగా దొరికిందేమో అనుకున్నాను. ఒక ఆదివారం ఆమెనే చూశాను. ఫోను ఒడిలో ఉంది. బొటనవేలు మీట మీద ఉంది. కళ్లు మాత్రం బల్ల మీదున్నాయి. ఏ ఫోను ఎక్కువసార్లు వెలుగుతుందో చూస్తోంది. అందరిదీ అయ్యాక దానికే కొట్టింది.

నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఇంకొన్ని వారాలు గడిపాను. ఒకసారి రెండు ఫోన్లూ బోర్లా పెట్టాను, వెలుగు కనబడకుండా. ఆ రోజు ప్రసన్న దగ్గర నుంచి కాల్ రాలేదు. ప్రశ్న తర్వాత ప్రశ్న వేశాను. ఒక్కటీ రాలేదు. అంతకు ముందు నా ప్రశ్న పూర్తవకముందే కొట్టే పిల్ల.

మళ్లీ ఫోన్లు తిప్పి పెట్టేశాను.

పిల్లలు పరీక్షలు రాశారు. అందరికీ బాగానే వచ్చాయి. ప్రసన్నకూ వచ్చాయి. గ్లాసు ప్రశ్న ఏ పేపర్లోనూ రాలేదు. అంతటితో ముగిసి ఉంటే నేను బహుశా మరిచిపోయేదాన్ని.

ఎండాకాలం సాయంత్రం, సరోజినీ నగర్ మార్కెట్లో కూరలు కొనుక్కుని వస్తుంటే ప్రసన్న వాళ్ల నాన్న స్కూటరు ఆపారు. మావారికంటే పెద్దవారు. నన్ను చెల్లెమ్మా అనేవారు.

"చెల్లెమ్మా, ఒక్క నిమిషం. మా పిల్ల సంగతి. పదకొండులో ఏ గ్రూపు ఇప్పించమంటారు?"

"తనేమంటోంది అన్నయ్యగారూ?"

"తనేమంటుందమ్మా! నిరుడు ఈ పాటికి సైన్సు, సైన్సు అని చంపుకు తింది. ఇప్పుడు అడిగితే 'ఆంటీ సే పూఛో' అంటుంది, మిమ్మల్నే అడగమని. నేను ఫైళ్ల మనిషిని, నాకేం తెలుసు. మీరు ఎంతంటే అంత."

"మార్కులు బాగానే ఉన్నాయిగా," అన్నాను.

"ఉన్నాయి. అందుకే అడుగుతున్నా."

సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. అంత సమయం ఉంది నాకు.

"మార్కులు బట్టీ కొట్టినా వస్తాయండీ. సైన్సుకి సొంతంగా ఆలోచించే తత్వం ఉండాలి. ప్రసన్న మంచిపిల్లే. కానీ ఎవరేం చేస్తారో చూసి, అందరూ నొక్కాక నొక్కుతుంది."

ఆయన పకపకా నవ్వారు. "అచ్ఛా! అంతా వాళ్లమ్మ పోలికే. ఆవిడా అంతే, పక్కింటావిడ కొన్న చీరే కొంటుంది. అయితే కామర్సంటారా?"

"కామర్సయితే తనకు హాయిగా ఉంటుంది."

"ఠీక్ హై. మీరు అన్నాక ఇంకేముంది. టెన్షన్ తీరింది చెల్లెమ్మా," అని స్కూటరు స్టార్టు చేశారు.

ఇదే నేను ఆ వ్యాసం రాసిన అమ్మాయికి చెప్పని సంగతి.

నేనే ఆ పిల్ల బొటనవేలిని ఆపాను. ఆగిన వేలిని చూపించి, ఈ పిల్లకు వేలు కదలదు అని తండ్రికి చెప్పాను. అప్పుడు ఆ మాట నిజమని నమ్మే చెప్పానా? సగం నమ్మాను. ఇంకో సగం ఏమిటో కనిపెట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ప్రసన్న సైన్సు తీసుకుని ఉంటే, పైచదువుల్లో ఏదో ఒక రోజు ఆ పేజీ దగ్గరికి వచ్చేది. తేలే మంచు, తోసిన నీరు. చదివిన ఆ క్షణంలో, తను చూసింది సరైనదేనని తెలిసేది. ఆంటీ కూడా చేసి చూసిందన్న సంగతి గుర్తొచ్చేది. పళ్లెం ఎందుకు తడిసిందో కూడా ఆ పిల్లకు తెలిసిపోయేది. అంత తెలివైన పిల్ల. నేను ఆ పేజీని ఆమెకు అందకుండా చేశాను. కూరల సంచి చేతులు మార్చుకున్న ఆ కాసేపట్లో ఇదంతా ఆలోచించానా అంటే, ఆలోచించలేదు. ఆలోచించకుండానే అంత కచ్చితంగా చేశానంటే అది ఇంకా భయంగా ఉంది.

ప్రసన్న ఇప్పుడు గుర్‌గావ్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తోంది. మంచి ఉద్యోగం, ఇల్లు కొనుక్కున్నారు. నేను ఆమె జీవితం పాడుచేశానని చెప్పడానికి లేదు. పాడుచేసి ఉంటే ఈ ఒప్పుకోలు తేలికయ్యేదేమో. రెండేళ్ల క్రితం నోయిడాలో ఒక పెళ్లిలో వాళ్లమ్మ కలిసి, మాటల్లో, "దీనికి ప్రతిదానికీ నలుగురిని అడగాలండీ, కర్టెన్లకు రంగు కూడా తనకు తాను తేల్చుకోదు," అని నవ్వింది. నేనూ నవ్వాను. అది నా వల్లేనా? ఒక మెసేజీ మనిషిని అంత మారుస్తుందా? నా వల్లే అనుకోవడం కూడా నా గర్వమేనేమో. ఆమెకు అడగడమే ఇష్టమేమో. నాకు తెలియదు. తెలుసుకునే హక్కు నాకు ఉందని కూడా అనుకోను.

సంచికలో వ్యాసం వచ్చిన వారానికి ప్రసన్న దగ్గర నుంచి మెసేజీ వచ్చింది. వ్యాసంలో ఏముందో తనకు ఎవరో ఇంగ్లీషులో చెప్పారట. ఆ క్లాసులో తానూ ఉన్నందుకు గర్వంగా ఉందని, తనకు సైన్సంటే ఇష్టం కలిగింది అక్కడేనని. కింద రెండు నమస్కారం బొమ్మలు. నేను రెండు నమస్కారాలు తిరిగి పంపాను.

గ్లాసు సంగతి ఆమెకు గుర్తుందా? గుర్తుండి కూడా అలా రాసిందా?

ఇది రాస్తూ ఇంకొకటి కనిపెట్టాను. తెలుగులో రాస్తున్నాను. ప్రసన్నకు తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది, చదవడం రాదు. ఢిల్లీలో పెరిగిన మా పిల్లలెవరికీ రాదు. ఒప్పుకునే ధైర్యం వచ్చిందని సంబరపడుతూ, ఒప్పుకోవలసిన మనిషి చదవలేని లిపిలో ఒప్పుకుంటున్నాను. తెలిసే ఎంచుకున్నానా? నాకు వచ్చిన మంచి భాష ఇదొక్కటే, ఇందులో తప్ప ఇంత దూరం రాలేకపోయేదాన్ని. ఇదీ నిజమే. పళ్లెం తడిసిన మాట కూడా నిజమే కదా. నా నిజాలను నేనిప్పుడు అంత తొందరగా నమ్మను.

అయినా రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. క్షమించమని అడగడానికి మీరు తగినవారు కారు, ఆమెను అడగడానికి నేను ఇంకా తయారుగా లేను. ఎవరూ క్షమించకుండానే మాట బయటికి వచ్చింది. అంతవరకే.

వ్యాసంలో కృతజ్ఞతలు చెప్పుకోవడం మరిచిపోయాను. ఇక్కడ చెప్పుకుంటాను. కొత్త పత్రిక రాగానే నా కోసం పక్కన పెట్టిన లైబ్రరీ గోపాల్‌జీకి. ఫిర్యాదులు పట్టించుకోకుండా గది ఇప్పించిన సరళగారికి. తన ఫోను ప్రతి ఆదివారం నాకు వదిలేసి, ఆఫీసు నుంచి కాల్ వస్తే ఎలాగని ఒక్కసారి కూడా అడగని మావారికి. పేరు రాయడం అలవాటు లేదు, ఆయన ఏమీ అనుకోరు. నాన్న ఫోను మొదటిసారి భయపడుతూ తెచ్చిన కిరణ్‌కు. గోల చేసి నాకు ఆనందం తెచ్చిన దీపకు, రఘుకు, శైలజకు, చిన్న వంశీకి. ఈ కాగితాలు చదివి, ఒక్క వాక్యం కూడా మెత్తబరచవద్దని చెప్పిన మా పక్క ఫ్లాటు రుక్మిణికి.

ప్రసన్నకు కృతజ్ఞతలు చెప్పను. ఆమెకు నేను చెప్పవలసింది అది కాదు. తెలుగు చదవగలిగిన వారెవరైనా ఆమెకు తెలిసి ఉంటే, ఈ చివరి మాటలు పైకి చదివి వినిపించండి. వింటే అర్థమవుతుంది.

అమ్మా, ఆ రోజు నీళ్లు ఒలకలేదు. పళ్లెంలో తడి గ్లాసు చెమటది. నువ్వు సరిగ్గానే చూశావు. నేను నీకు మెసేజీ పెట్టే ముందే నాకు తెలుసు.